ముయ్యి తెంపిన ఇంజను

పట్టుపురుగుల షెడ్డులో విమానం ఎందుకుందని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. నీళ్లు లేక, అంతే. బోరు ఎండిపోయి, మల్బరీ తోట మాడిపోయి, నా భార్య పురుగులు పెంచడం మానేసిన ఏళ్లలో ఆ షెడ్డు ఖాళీగా పడి ఉంది. నేను అప్పుడే బెంగళూరులో విమానాల కర్మాగారం నుంచి రిటైరై, మిట్టేమరి దగ్గరున్న మా ఊరికి వచ్చాను. ఊరికే కూర్చోవడం నా జాతకంలో లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏదో ఒకటి విప్పాలనిపిస్తుంది. మిక్సీ, ఫ్యాను, ఎదురింటివాళ్ల మోటర్ సైకిలు అన్నీ విప్పేశాక ఊళ్లో నాకు ఎవరూ ఏమీ ఇవ్వడం మానేశారు.

కర్మాగారంలో నా సర్వీసంతా రెక్కలకు రివెట్లు కొట్టడంతోనే గడిచింది. ఇంజను ఎక్కించేది వేరే విభాగంవాళ్లు. ఆ గుమ్మం దగ్గర నిలబడి తొంగి చూస్తే సూపర్‌వైజరు "నీ పని నువ్వు చూసుకోప్పా" అని తరిమేవాడు. ఆ కసి నా కడుపులో అలాగే ఉండిపోయింది. సొంతంగా ఒక్క మనిషి కూర్చునే విమానం కట్టి, దానికి ఇంజను నా చేత్తో ఎక్కించాలి. ఎగరడానికి కావలసిన అనుమతులు, ఆఫీసులు, అదంతా వేరే గోల. ముందు ఇంజను ఎక్కాలి, నా కళ్లముందు తిరగాలి. అల్యూమినియం గొట్టాలు, చెక్క, గుడ్డ కలిపి ఏళ్ల తరబడి కట్టాను. ఊరంతా నవ్వింది. నవ్వనీ, ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఇంజను లారీలో చిక్కబళ్లాపురం దాకా వచ్చింది. అక్కడినుంచి టెంపోలో బాగేపల్లి మీదుగా ఇంటికి తెచ్చుకున్నాను. పెట్టె మూత తీసి ఇంకా దాని మొహం సరిగ్గా చూడలేదు, నా భార్య షెడ్డు గుమ్మంలో చీర చెంగు నడుముకు దోపుకుని నిలబడింది. ఆ ఏడు వానలకు చెరువు నిండి, ఎండిన బోర్లలోకి నీళ్లెక్కాయి. తోట మళ్లీ చిగురేసింది. ఆమె కాళ్లు కూడా నేలమీద నిలవడం లేదు.

"ఏమయ్యా, చింతామణిలో చాకీ పురుగులకు చెప్పేసినా. అవి వచ్చేలోపల నీ విమానం బయటికి పోవల్ల. షెడ్డు కడగల్ల, సున్నం కొట్టల్ల. పెట్రోలు వాసన ఉంటే పురుగు ఆకు ముట్టదు, నీకు తెల్దా?"

చాకీ పురుగులంటే గుడ్డులోంచి వచ్చి రెండు జ్వరాలు దాటిన, అంటే రెండుసార్లు కుబుసం విడిచిన, పిల్లపురుగులు. మా రైతులు వాటిని తెచ్చుకుని పెద్ద చేస్తారు. ఇన్నేళ్ల తర్వాత ఆమె మొదటి పంట. కాదనడానికి నాకు నోరెక్కడిది? కానీ నా బాధ నాది. సమంగా ఉన్న సిమెంటు నేల, తలమీద కప్పు ఉన్నది ఆ ఒక్క షెడ్డులోనే. ఇంజను ఎక్కకుండా విమానాన్ని బయట పెడితే, ఆషాఢం గాలికి బరువు లేని ఆ గుడ్డ రెక్కలు ఒక్కరోజు కూడా నిలవవు. లేదంటే రెక్కలు విప్పి మూల పడేయాలి. విప్పితే మళ్లీ కట్టడం ఈ జన్మలో జరగదని నాకు తెలుసు.

నా తొందర చూడలేక ఆమే ముయ్యికి పిలిచింది. మా వైపు ముయ్యి అంటే చేబదులు పని. ఈరోజు నువ్వు నా పనికి వస్తే రేపు నేను నీ పనికి వస్తాను. కూలీ లేదు, లెక్క రాసేది లేదు, మరిచిపోయేదీ లేదు. పొద్దున్నే పక్క పొలం మామ ముందు, ఆయన వెనక ఆయన అన్నదమ్ములు, తాళ్లు, మూడుకాళ్ల స్టాండు వేసుకుని దిగారు. మామ అంటే చుట్టరికం కాదు, చిన్నప్పటినుంచీ అలవాటైన పిలుపు. బోర్లో మోటరెత్తాలంటే చుట్టుపక్కల పొలాలకు ఆయనే దిక్కు.

"మామా, ఇది మోటరు కాదు. మెల్లగా ఎత్తల్ల, వెంట్రుకవాసి కదిలినా తప్పే" అన్నాను.

"ఎత్తేది మాకు చెప్తాండావా అల్లుడా? నువ్వు పక్కకు జరుగు" అన్నాడు మామ.

బోర్లో మోటరు ఇసుకలో కూరుకుపోతే మెల్లగా లాగితే రాదు. అందరూ ఒక్క కేక పెట్టి, ఒక్క కుదుపు కుదిపితేనే వదులుతుంది. ఆ చేతులకు తెలిసిన ఎత్తడం అదే. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, కేక లేచింది. ఇంజను గాల్లోకి ఎగిరి, ఊగి, విమానం ముక్కు మీద ఇంజన్ను పట్టుకోవడానికి బిగించిన ఇనుప గొట్టాల చట్రానికి ధడాల్మని తగిలింది. ఒక గొట్టం వంకర తిరిగింది.

నాకు కళ్లు కనపడలేదు. ఏమన్నానో మాటకు మాట ఇప్పటికీ గుర్తుంది.

"మీకు తెలిసింది బోరొక్కటే! పోండి, పోయి ఆ బోర్లలోనే దిగి చావండి! ఇంకొకసారి మీ చెయ్యి నా విమానం మీద పడిందో, చూడండి!"

మామ ఇంజన్ను మెల్లగా, నేను మొదట అడిగినంత మెల్లగా, నేలమీదికి దించాడు. తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"సరేప్పా. మా చెయ్యి పడదులే. ఇంగ నీ ఇంటికి ముయ్యికి మా ఇండ్లనుంచి ఎవరూ రారు. ఒక్కడివే చేసుకో."

అల్లుడా అనేవాడు అప్పా అన్నాడంటే ఎంత దూరం జరిగాడో నాకు అర్థమైంది. నా భార్య టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. వాళ్లు ఆమె పక్కనుంచే టీ ముట్టకుండా వెళ్లిపోయారు.

"నువ్వు తెంపింది నీ ముయ్యి కాదు, నాది" అంది. "పురుగులు పండిన దినం ఎవరొస్తారు? నీ ఇంజను వచ్చి ఏరుతుందా?"

పురుగు పండితే ఒళ్లు పసుపు రంగు తిరుగుతుంది, మేత మానేస్తుంది. ఆ పూటే దాన్ని ఏరి చంద్రిక మీద, అంటే గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన చాప మీద, వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే, పెంటలోనే గూడు కట్టేస్తుంది. ఆ గూడు ఎవరికీ పనికిరాదు. షెడ్డు నిండా పురుగులు ఒకేసారి పండుతాయి. ఇద్దరి చేతులతో అయ్యే పని కాదది.

"నేనుండాను గదా" అన్నాను.

"నువ్వా! నా పంట పోయిందంటే నీ వీపు విమానం మోత మోగుతుంది, చెప్తాండా" అని పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

చట్రం విప్పి మోటర్ సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాను. మంచి ఆర్గాన్ వెల్డింగు చేసేవాడు చిక్కబళ్లాపురం దాటి నంది దారిలో ఉన్నాడని విన్నాను. నేను పోయినరోజు అతను పెళ్లికి పోయాడు. మర్నాడు కరెంటు లేదు. ఆ పక్కరోజు ఆదివారం, నంది కొండకు పోయే బెంగళూరు బండ్లు దారంతా నిండిపోయి, నేను వాటి మధ్య ఇరుక్కుని, ఎవరిని తిట్టాలో తెలియక హారను మీద చెయ్యి తీయలేదు. వెల్డింగు అవుతుంటే అతని చుట్టూ తిరిగాను. "కూర్చోండి సార్, మీరు తిరుగుతాంటే నా చెయ్యి వణుకుతాండాది" అని మొత్తుకున్నాడు. బయటికి పోయి నిలబడ్డాను. అక్కడా నిలవలేకపోయాను.

గొట్టం చక్కబడింది. చట్రం బిగించాను. ఇక ఎత్తేది ఎలా? మామ స్టాండు మామతోనే పోయింది. మా పాత బోరు పైపులు మూడు తలలు కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, ఇంజన్ను దళసరి బెల్టులతో కట్టి పైకి లేపాను. గొలుసు లాగితే మెల్లగా, చెప్పినమాట వినే ఆవులా లేచింది. సంబరపడ్డాను. అక్కడినుంచే అసలు నరకం మొదలైంది. ఒక చెయ్యి గొలుసు మీద, ఒక చెయ్యి ఇంజను మీద, మరి బోల్టు పెట్టేదెవరు? బోల్టు నోట్లో కరుచుకున్నాను. ముందుకు పోయి ఇంజన్ను సరిచేస్తే వెనక ఊగుతుంది. వెనక్కి పోతే ముందు జారుతుంది. చెమటకు కళ్లు మండుతున్నాయి. గుమ్మం బయట రోడ్డు మీద ఎవరో నడిచిపోతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా పిలుద్దామని నోరు తెరిచాను, పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను?

చివరికి గోడకానుకుని ఊపిరి తీసుకుంటుంటే బుద్ధి వెలిగింది. ఊగేదాన్ని ఊగనిదాని దగ్గరికి తీసుకుపోవడం ఎందుకు? ఇంజన్ను అలాగే వేలాడనిచ్చి, విమానాన్నే దాని దగ్గరికి తోస్తే? ఇంజను లేని విమానం తోకమీద కూలబడుతుంది కాబట్టి, ముక్కు చక్రం కాలికి ఇసుక మూటలు కట్టాను. మూడు చక్రాల మీద నిలబడింది. రెక్క కింద భుజం పెట్టి గోరంత గోరంత తోశాను, ప్రతి తోపుకూ చక్రం కింద చెక్క పెట్టాను. ఇంజను కదల్లేదు. చట్రమే వచ్చి దానికి ఆనుకుంది.

నాలుగు బోల్టులుంటాయి, ఒక్కొక్కదాని చుట్టూ రబ్బరు. మొదటిది దూరింది, బిగించేశాను. రెండోది, మూడోది కూడా. నాలుగోది రాలేదు. రంధ్రం ఎదురుగా కనిపిస్తోంది, బోల్టు మాత్రం పోదు. వేలితో నెట్టాను, అరచేత్తో నెట్టాను, బతిమాలాను, దాని అమ్మా ఆలీ ఎవరినీ వదలకుండా తిట్టాను. సుత్తి చేతిలోకి తీసుకున్నాను. ఒక్క దెబ్బ వేస్తే పోయేదే. పోతే రబ్బరు చినుగుతుంది, చట్రం మళ్లీ ఒంగుతుంది. సుత్తి విసిరి పారేసి బయటికొచ్చి, కాలుకాలిన పిల్లిలా తోటంతా తిరిగాను. మోటరు వేశాను, ఆపాను. కడవ నీళ్లు తలమీద పోసుకున్నాను.

తడి బట్టలతోనే తిరిగొచ్చి, బిగించిన మూడూ వదులు చేశాను. నాలుగోది వేలితో తోస్తే దూరిపోయింది. నా తొందరకే ఆ మూడూ ముందు బిగుసుకుపోయి నాలుగోదానికి చోటు లేకుండా చేశాయన్నమాట. అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. గొలుసు వదిలాను. ఇసుక మూటలు విప్పాను. విమానం తన బరువు మీద తాను నిలబడింది.

ఏడుపొచ్చింది, దాచేదేముంది. ఇన్నేళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూసిన పని, ఒక్కణ్ణే చేశాను. రోడ్డు మీదికి పరుగెత్తాను. మామ తమ్ముడు పశువులను తోలుకుపోతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆవు మాత్రం చూసింది. ఇంత పెద్ద పని చేసి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఎంత నరకమో ఆరోజే తెలిసింది.

నా భార్య తోటలోంచి వచ్చి ఇంజన్ను ఒకసారి చూసింది.

"అయిందా? అయితే బయటికి తోయి. సున్నం నానబెట్టినా."

అంతే. రెక్క ఆమె ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని కళ్లంలోకి తోశాం, టార్పాలిను కప్పి తాళ్లతో కట్టాం. సున్నం కొట్టడం ముగించి, పెట్రోలు పోసి తిప్పేద్దామని డబ్బా తెచ్చుకునే లోపల చాకీ పురుగులు దిగాయి. కళ్లం పక్కనే షెడ్డు కిటికీలు, అటుపక్క మల్బరీ. పొగ ఆకుమీద పడితే పురుగు చచ్చిపోతుంది. "గూడు కట్టేదాకా దాని నోరు మూసిపెట్టు" అని ఆమె డబ్బా తీసుకుపోయి ఇంటి వెనక దాచింది.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఇంజను ఎక్కింది, తిరగదు. పొద్దునా సాయంత్రం టార్పాలిను ఎత్తి చూసేవాణ్ణి. మిగతా పొద్దంతా ఆకు కోశాను, ఆకు మోశాను, పెంట ఎత్తాను. పురుగు వేలంత లావయ్యింది. అవి తింటుంటే షెడ్డులో వాన కురిసినట్టు చప్పుడు. ఆమె ఆ చప్పుడు మధ్య నిలబడి రోడ్డువైపు చూసేది. తిట్టినా బాగుండేది.

ఒకరోజు తెల్లారి ఎండ చుర్రుమంది. ఆమె షెడ్డులోంచి కేకేసింది. పోయి చూస్తే మేత మీద తలలెత్తి, పసుపు తిరిగి, పురుగులన్నీ అటూ ఇటూ పారాడుతున్నాయి. మేము అనుకున్నదానికన్నా ముందే పండాయి. ఇద్దరం ఏరడం మొదలుపెట్టాం. ఒక తట్ట ఏరేలోగా నాలుగు తట్టల్లో పండుతున్నాయి. ఒక మూల అప్పుడే దారం తీస్తున్నాయి. ఆమె చేతులు ఆగలేదు, కళ్లల్లోంచి నీళ్లు కూడా ఆగలేదు. చేతిలో పురుగులు చంద్రిక మీద పోసి నేను బయటికి పరుగెత్తాను.

మామ ఇంటికి పోతే అత్త వాకిట్లో ఉంది. "మీ మామ బోరుకాడ ఉండాడు. మోటరు కూరుకుంది, టమోటా వాడిపోతాండాది" అని లోపలికి పోయింది, కూర్చోమనలేదు. బోరు దగ్గరికి పోయాను. మూడుకాళ్ల స్టాండు కింద అన్నదమ్ములందరూ తాడు పట్టుకుని ఉన్నారు. ఎవరూ నావైపు చూడలేదు. తెగిన ముయ్యిని అడిగి కలుపుకోవడం మా ఊళ్లో లేదు. ముందు పోయి వాళ్ల పనిలో చెయ్యి వేయాలి. తాడు చివర పట్టుకున్నాను. కేక లేచింది, నేను అలవాటు కొద్దీ మెల్లగా లాగాను.

"కుదపప్పా! ఇది విమానం కాదు!" అని మామ అరిచాడు.

కుదిపాను. అందరితో కలిసి గొంతు చించుకుని కేక పెట్టి కుదిపాను. నా ప్రాణమంతా షెడ్డులో ఉంది, చేతులు ఆ తాడు మీద ఉన్నాయి. మళ్లీ, మళ్లీ. లోపల ఏదో వదిలింది. పైపు లేచింది. మోటరు బురద కక్కుతూ బయటపడింది.

మామ నుదుటి చెమట తుడుచుకుని మొదటిసారి నా మొహం చూశాడు.

"ఊరికే రావు నువ్వు. ఏం పని పడింది?"

"పురుగులు పండినాయి మామా."

"యాడ? ఇప్పుడా?" మామ తాడు కింద పడేశాడు. "థూ, నీ తెలివి తెల్లారిపోను! పురుగులు పండితే ఈడ తాడు పట్టుకొని నిలబడినావా? పురుగు నీకోసరం ఆగుతుందా? ముందు నోరు తెరిచి చెప్పేదానికి ఏం రోగం?"

జీవితంలో ఒక్కసారి ఆగి మర్యాద పాటిస్తే దానికీ తిట్లే. మామ అప్పటికే ఇంటివైపు తిరిగి అరుస్తున్నాడు. అత్త, కోడళ్లు, చెల్లెళ్లు చేతిలో పనులు వదిలి పరుగున వచ్చారు. పురుగుకు రోగం అంటకుండా గుమ్మంలో పెట్టిన సున్నం నీళ్లలో కాళ్లు ముంచి షెడ్డులోకి దిగారు. నా భార్య తల ఎత్తి వాళ్లను చూసింది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. మగవాళ్లం చంద్రికలు మోసి నీడలో నిలబెట్టాం. మూల తట్టల్లోవి కొన్ని పోయాయి. మిగతావన్నీ పొద్దు వాలేలోపల చంద్రికలెక్కాయి.

చేతులు కడుక్కుని అందరూ కళ్లంలో కూర్చున్నారు. ఈసారి టీ తాగారు. మామ లేచి టార్పాలిను ఎత్తి ఇంజన్ను చూశాడు. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపాడు. విమానమే ఊగింది కానీ ఇంజను దాని చోటునుంచి కదల్లేదు.

"ఒక్కడివే ఎక్కించినావా అల్లుడా?"

"ఊ."

"గట్టిగా ఉండాదే." ఇంకొకసారి ఊపి చూశాడు. "తిప్పు, చూద్దాం. ఊరంతా వినపడల్ల."

అందరూ లేచి చుట్టూ మూగారు. ఎవరో ఇంటి వెనకనుంచి పెట్రోలు డబ్బా కూడా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టారు. ఇంజను తాళంచెవి నా జేబులోనే ఉంది, ఆ రోజుల్లో నిద్రలో కూడా జేబులోనే ఉండేది. నా భార్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటినుంచి వంగి వంగి నడుం పట్టేసి, తలుపు పట్టుకుని నిలబడింది. వద్దని ఆమె అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఇంతమంది వచ్చి ఆమె పంట నిలబెట్టాక, వాళ్ల ముందు నన్ను ఆపడానికి ఆమెకు నోరు రాలేదు. ఆమె వెనక చంద్రికల మీద పురుగులు తలలు ఆడిస్తూ మొదటి దారం తీస్తున్నాయి.

"వద్దు మామా" అన్నాను. "గూడు కట్టనీ."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. డబ్బా నేనే తీసుకుపోయి ఇంటి వెనక పెట్టి వచ్చాను, టార్పాలిను కప్పి తాళ్లు బిగించాను. తల ఎత్తి చూసేసరికి ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.